దవడలు, నమిలే కండరాలు – మన నోటి వాకిలి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



గుండెజబ్బు గురించి, చక్కెర వ్యాధి గురించి ప్రతి సభలోనూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. ఈ యేడు మేము దవడను గురించి మాట్లాడదలచుకున్నాము. "దవడ గురించి చెప్పేదేముంది సాబ్, తింటాము, మాట్లాడతాము, అంతే కదా" అని మీలో కొందరు అనుకోవచ్చు. నిజమే. తినడం, మాట్లాడడం ఆగకుండా జరుగుతున్నంత కాలం దవడ గుర్తుకు రాదు. ఆ వాకిలి మూసుకుపోవడం మొదలైనప్పుడే దాని విలువ తెలుస్తుంది. మన వీధుల్లో పాతికేళ్ళు నిండని కుర్రవాళ్ళకు ఆ వాకిలి మూసుకుపోతున్నది. అందుకే ఈ ప్రసంగం.

ముందుగా ఒక చిన్న పని చేద్దాము. ప్రతివారూ కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు మూడింటినీ దగ్గరగా చేర్చండి. నోరు బాగా తెరిచి, ఆ మూడు వేళ్ళనూ నిలువుగా, ఒకదాని మీద ఒకటిగా, పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య పెట్టండి. ఎవరి నోటికి వారి వేళ్ళే కొలత. మూడు వేళ్ళూ పట్టినవారికి అల్‌హమ్దులిల్లాహ్, నోరు బాగా తెరుచుకుంటున్నట్లే. రెండే పట్టినవారు, ఒకటే పట్టినవారు ఉంటే సిగ్గుపడవద్దు, భయపడవద్దు. కాని ఈ ప్రసంగం మాత్రం చివరి దాకా వినండి.

ఒక్క ఎముక

కింది దవడ గుర్రపు లాడం ఆకారంలో ఉండే ఎముక. గడ్డం దగ్గర వంపు తిరిగి, రెండు వైపులా వెనక్కి పోయి, చెవుల ముందు నిలువుగా పైకి లేస్తుంది. మూల తిరిగే చోటును మీరు చెవి తమ్మె కింద వేలితో తడిమి చూసుకోవచ్చు. నిలువుగా లేచిన భాగం పైన రెండు కొమ్ములు ఉంటాయి. వెనుక కొమ్ము గుండ్రని తలతో కీలులో కూర్చుంటుంది. ముందు కొమ్ము పలుచగా, మొనదేలి ఉంటుంది. ఒక పెద్ద కండరం వచ్చి దానిని పట్టుకుంటుంది. ఈ రెండు కొమ్ములనూ గుర్తుంచుకోండి, మళ్ళీ వాటి దగ్గరికి వస్తాము.

ఈ ఎముక ఒక్కటా, రెండా అన్న ప్రశ్న వెనుక మనం గర్వించదగ్గ చరిత్ర ఉన్నది. రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గేలెన్ – మన యునానీ హకీములు జాలీనూస్ అంటారే, ఆయనే – కింది దవడ రెండు ఎముకల కలయిక అని రాశాడు. ఆయన ఎక్కువగా జంతువులను కోసి చూసి నేర్చుకున్నవాడు. బక్రీద్ నాడు మేక తల శుభ్రం చేసినవారికి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. మేక కింది దవడ గడ్డం దగ్గర రెండు చెక్కలుగా విడిపోతుంది. గేలెన్ మాటను వెయ్యి సంవత్సరాలు ఎవరూ కాదనలేదు.

1162లో బాగ్దాదులో పుట్టిన అబ్దుల్ లతీఫ్ అనే వైద్యుడు 1200 ప్రాంతంలో ఈజిప్టులో ఉన్నాడు. నైలు నదికి వరద చాలక అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. జనం లెక్కకు మించి చనిపోయారు. కైరో దగ్గర ఎముకలు గుట్టలుగా పడి ఉన్న చోటికి ఆయన వెళ్ళి, రెండువేలకు పైగా తలల దవడలను పరిశీలించాడు. ఏ ఒక్కదానిలోనూ గడ్డం దగ్గర అతుకు కనిపించలేదు. తన కంటిని తానే నమ్మక ఇతరుల చేత కూడా చూపించాడు. మనిషి కింది దవడ ఒక్కటే ఎముక అని నిర్ధారించి రాశాడు. జాలీనూస్ ఎంత గొప్పవాడైనా, కళ్ళతో చూసిన సాక్ష్యం అంతకన్నా గొప్పది అన్నది ఆయన నమ్మకం. 1231లో ఆయన కన్నుమూశాడు.

పసిబిడ్డ పుట్టినప్పుడు దవడ రెండు ముక్కలుగానే ఉంటుంది. మొదటి యేడాదిలోనే అవి కలిసి ఒకటైపోతాయి. ఆ కలిసిన చోటే మన గడ్డం.

కీలు

ఇప్పుడు రెండు చూపుడు వేళ్ళనూ చెవులకు కొంచెం ముందు ఆనించి నోరు తెరవండి, మూయండి. వేలి కింద ఏదో గుండ్రంగా కదలడం తెలుస్తుంది కదా? అదే దవడ కీలు. తలలో బయటికి తెలిసేలా కదిలే ఎముక ఇదొక్కటే. కుడి కీలు, ఎడమ కీలు వేరువేరుగా పనిచేయడానికి వీల్లేదు. ఒకే ఎముక రెండు చివరలు గనుక రెండూ కలిసి నడవాలి.

తలుపు బందులాగా ఇది తిరుగుతుంది. అంతటితో ఆగదు. కొంచెం తెరిచే వరకు ఉన్నచోటనే తిరుగుతుంది, బాగా తెరిచినప్పుడు గుంటలోంచి ముందుకు జారుతుంది. తలుపు తిరుగుతూ గడప మీదికి జరిగినట్లు ఉంటుంది ఆ కదలిక. ఆ జారుడు సాఫీగా సాగడానికి ఎముకకూ ఎముకకూ నడుమ మెత్తని బిళ్ళ ఒకటి ఉన్నది. ఆ బిళ్ళ చోటు తప్పితేనే కొందరికి నోరు తెరిచినప్పుడల్లా 'టక్' మని శబ్దం వస్తుంది. నొప్పి లేనప్పుడు ఉత్త శబ్దానికి కంగారు పడనక్కరలేదు.

గట్టిగా ఆవులించినప్పుడు కొందరికి ఆ గుండ్రని తల మరీ ముందుకు జారి, ఎత్తుకు అవతల చిక్కుకుపోతుంది. నోరు తెరిచింది తెరిచినట్లే ఉండిపోతుంది. ఇంటిల్లిపాదీ గాలి సోకిందనీ, దయ్యం పట్టిందనీ భయపడతారు. అదేమీ కాదు. తెలిసిన వైద్యుడు బొటనవేళ్ళు వెనుక పళ్ళ మీద ఉంచి, కిందికి నొక్కి వెనక్కి తోస్తే కీలు తన చోటికి వస్తుంది. ఇంట్లో లాగడం, చెంప మీద కొట్టడం మాత్రం చేయకండి.

నాలుగు జతల కండరాలు

ఎముక తనంత తాను కదలదు. దానిని కదిలించేవి ముఖ్యంగా నాలుగు జతల కండరాలు. వాటిలో రెండు జతలను చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. మిగిలిన రెండూ లోపల దాగి ఉంటాయి.

చెంప మీద చెయ్యి వేసి పళ్ళు బిగించండి. అరచేతి కింద గట్టిగా ఉబ్బినది మాసెటర్. చెంప ఎముక వంపు దగ్గర పుట్టి, దవడ మూల బయటివైపున పట్టుకుంటుంది. నల్లి బొక్క కొరికేటప్పుడు పనిచేసే పహిల్వాను ఇదే.

ఇప్పుడు చేతిని కణత మీదికి జరిపి మళ్ళీ పళ్ళు బిగించండి. అక్కడ కదిలినది టెంపొరాలిస్. తల పక్కన విసనకర్రలాగా పరుచుకొని, పోగులన్నీ ఒక్కచోటికి చేరి, చెంప ఎముక వంపు కిందుగా దిగి, ఇందాక చెప్పిన ముందు కొమ్మును పట్టుకుంటుంది. దాని ముందు పోగులు దవడను పైకెత్తుతాయి, వెనుక పోగులు వెనక్కి లాగుతాయి. రాత్రిళ్ళు నిద్రలో పళ్ళు కొరికేవారికి పొద్దున లేవగానే కణతలు నొప్పిపెట్టేది ఈ కండరం అలసిపోవడం వల్లనే.

మూడవది లోపలి టెరిగాయిడ్. దవడ మూలకు లోపలివైపున ఉంటుంది. బయట మాసెటర్, లోపల ఇది – రెండూ కలిసి దవడ మూలను ఊయలలో పెట్టినట్లు ఎత్తి పట్టుకుంటాయి.

నాలుగవది వెలుపలి టెరిగాయిడ్. ఇది మిగిలిన మూడింటిలాంటిది కాదు. ఆ మూడూ నోటిని మూసేవి, ఇది తెరవడానికి సాయపడేది. దాదాపు అడ్డంగా సాగి, కీలు దగ్గర దవడ మెడనూ, ఆ మెత్తని బిళ్ళనూ పట్టుకొని ముందుకు లాగుతుంది. గడ్డం కిందనున్న చిన్న కండరాలు అదే సమయంలో దవడను కిందికి దించుతాయి. ఒక పక్క వెలుపలి టెరిగాయిడ్ మాత్రమే లాగితే గడ్డం రెండవ పక్కకు జరుగుతుంది. కుడి ఎడమలు ఇలా వంతులవారీగా లాగడం వల్లనే తిరగలి తిరిగినట్లు అన్నాన్ని నూరగలుగుతున్నాము.

ఒక సంగతి గమనించండి. మూసేవి మూడు జతలు, బలమైనవి. తెరిచేవి చిన్నవి. నోరు ఎప్పుడు బిగుసుకున్నా మూతే గెలుస్తుంది, తెరుపు ఓడిపోతుంది.

నమలడానికి చెంప, నాలుక కూడా కావాలి. ముద్ద పళ్ళ మధ్య నుంచి జారిపోకుండా బయటినుంచి చెంప, లోపలినుంచి నాలుక నెడుతూ ఉంటాయి. ముఖానికి పక్షవాతం వచ్చినవారిని చూడండి. మూతి వంకర పోతుంది, అన్నం చెంపలో చిక్కుకుంటుంది, కాని కొరికే బలం తగ్గదు. ఎందుచేతనంటే చెంపను, పెదవిని ఆడించేది ఏడవ నరం, నమిలే కండరాలను ఆడించేది అయిదవ నరం. అల్లాహ్ తఆలా రెండు పనులకు రెండు దారులు పెట్టాడు.

కణత కింది గుంట

ముఖం లోతుల్లోకి వెళదాము. చెంప ఎముక వంపు వెనుక, దవడ నిలువు భాగానికి లోపలివైపున ఒక గుంట ఉన్నది. పైకి కనిపించదు. ఒక పెద్ద బజారుకు పోయే దారులన్నీ కలిసే కూడలి అనుకోండి. రెండు టెరిగాయిడ్ కండరాలూ ఉండేది అక్కడే.

పుర్రె అడుగున కోడిగుడ్డు ఆకారంలో ఒక రంధ్రం ఉన్నది. అయిదవ నరం మూడవ శాఖ ఆ రంధ్రంలోంచి ఈ గుంటలోకి దిగి కొమ్మలు వేస్తుంది. ఒక కొమ్మ దవడ ఎముకలోకి దూరి కింది పళ్ళన్నిటికీ స్పర్శ ఇచ్చి, గడ్డం దగ్గర బయటికి వచ్చి కింది పెదవికి చేరుతుంది. ఇంకొక కొమ్మ నాలుక ముందు భాగానికి పోతుంది. కింది పన్ను తీయడానికి డాక్టరు సూది వేస్తే పన్నుతోపాటు పెదవీ, నాలుకా మొద్దుబారేది ఇందుకే. మరొక కొమ్మ చెవి ముందుకు పోతుంది. కాబట్టి పన్నులో పుట్టిన నొప్పి చెవిలో ఉన్నట్లు తోస్తుంది. "చెవిపోటు" అని నెలల తరబడి చెవిలో చుక్కలు వేసుకునేవారు ఒకసారి పళ్ళు, నాలుక కూడా చూపించుకోవాలి.

ఆ గుంటలోనే దవడకు, పళ్ళకు, నమిలే కండరాలకు నెత్తురు తెచ్చే ధమని ఉన్నది. కండరాల చుట్టూ సన్నని సిరలు సాలెగూడులా అల్లుకొని ఉన్నాయి. ఆ సిరలకు పుర్రె లోపలి సిరలతో సంబంధం ఉంది. కాబట్టి పన్ను చీము ఒక్కొక్కప్పుడు పన్ను దగ్గరే ఆగదు. పైకి పాకితే మెదడు వైపు, కిందికి పాకితే గొంతు వైపు పోతుంది. నాలుక కింద, గడ్డం కింద వాచి, నాలుక పైకి లేచి, మింగడం కష్టమై, ఊపిరి ఆడకపోతే అది గంటల్లో ప్రాణం తీయగల జబ్బు. "పంటి నొప్పికి ఎవరన్నా చస్తారా" అన్న మాట మన ఇళ్ళలో వినిపిస్తుంది. జ్వరంతో కూడిన దవడ వాపు వచ్చినప్పుడు ఆ మాట అనకండి. అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్ళండి.

నోరు తెరుచుకోకపోతే

మూసే కండరాల మీద చీము చేరినా, దెబ్బ తగిలినా, నార పెరిగినా నోరు బిగుసుకుంటుంది. కారణాలు చాలా ఉన్నాయి. ఏది ఎలా వస్తుందో తల్లిదండ్రులు గుర్తుపట్టగలిగితే సగం పని అయినట్లే.

రెండు మూడు రోజుల్లో నొప్పి, వాపుతో నోరు బిగుసుకుంటే సాధారణంగా జ్ఞానదంతం చుట్టూ చిగురు వాచి ఉంటుంది. పద్దెనిమిది, పాతికేళ్ళ మధ్య ఇది ఎక్కువ. పిల్లలకు చెవి కింద వాచి, నమిలితే నొప్పి అంటే గవదబిళ్ళలు కావచ్చు. ఆ గ్రంథి దవడ వెనుక అంచునే ఆనుకొని ఉంటుంది. పంటి సూది వేయించుకున్న మర్నాడు బిగుసుకుంటే ఆ సూది లోపలి టెరిగాయిడ్‌కు తగిలి ఉండవచ్చు, సాధారణంగా కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది.

గాయమైన కొద్ది రోజులకు దవడలు బిగుసుకుపోయి, మెడ, వీపు కూడా కట్టెలాగా అయితే అది ధనుర్వాతం. తక్షణం పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. దానికి టీకా ఉంది. పిల్లలకూ, గర్భిణులకూ తప్పక వేయించండి.

ఇంకొకటి తల్లులు ప్రత్యేకంగా వినాలి. మేడమెట్ల మీద, సైకిలు మీద నుంచి పడి పిల్లవాడికి గడ్డం పగిలితే కుట్లు వేయించి ఊరుకుంటాము. గడ్డానికి తగిలిన దెబ్బ ఎముక గుండా పోయి చెవి ముందున్న కీలును విరగగొట్టవచ్చు. పట్టించుకోకపోతే ఆ కీలు అతుక్కుపోయి నోరు తెరుచుకోకుండా పోతుంది. పెరిగే వయసు గనుక గడ్డం పెరగక ముఖం చిన్నబోతుంది. గడ్డం పగిలిన ప్రతి పిల్లవాడికీ దవడ కీళ్ళు కూడా చూపించండి.

ఇవన్నీ ఉన్నట్టుండి వచ్చేవి, నొప్పితో వచ్చేవి. నొప్పి లేకుండా, నెలనెలా కొంచెం కొంచెంగా, ఒక వేలు, ఇంకొక వేలు అన్నట్లు వాకిలి మూసుకొచ్చేది ఒకటి ఉంది. మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది దానిని గురించే.

వక్కపొడి చేసే పని

పాన్‌దాన్ మన ఇంటి అలంకారం. నానీమా వెండి పాన్‌దాన్ తెరిచి, ఆకుకు సున్నం, కాసు రాసి, అడకత్తెరతో వక్క కత్తిరించి బీడా చుట్టి ఇస్తే కాదనే మనవడు ఉండేవాడు కాదు. ఆ ప్రేమను మేము తప్పుపట్టడం లేదు. కాని ఆ వక్క ఇప్పుడు పాన్‌దాన్ దాటి పొట్లాలకెక్కింది. మెరిసే కాగితంలో, తీపి కలిపి, వాసన కలిపి, బడిపిల్లవాడి చిల్లరకు అందేటట్లు కిల్లీకొట్టులో తోరణాలుగా వేలాడుతున్నది.

వక్కలో అరికోలిన్ అనే పదార్థం ఉన్నది. చెంప లోపలి పొర కింద నార పుట్టించే కణాలను అది రెచ్చగొడుతుంది. మామూలుగా ఇలా పుట్టిన నారలో అక్కరలేనిదాన్ని శరీరం కరిగించుకుంటుంది. వక్కలోని వగరు అలా కరగనివ్వదు. తోళ్ళ వ్యాపారంలో ఉన్న మన పెద్దలకు ఇది చెప్పనక్కరలేదు. పచ్చి తోలును తంగేడు చెక్క నీళ్ళలో ఊరవేస్తే ఏమవుతుంది? కుళ్ళదు, గట్టిపడుతుంది. చెక్కలోని వగరు చేసే పని అది. అదే జాతి వగరు వక్కలోనూ ఉన్నది. పొద్దస్తమానం చెంపలో వక్క పెట్టుకునే కుర్రవాడు తన చెంపను తానే ఊరవేసుకుంటున్నాడు.

మొదట కారం తగిలితే నోరు భగ్గుమంటుంది. మిర్చీకా సాలన్ ఇష్టంగా తిన్నవాడు పెరుగన్నం అడుగుతాడు. తరువాత చెంపల లోపల ఎరుపు పోయి పాలిపోతుంది. వేలితో తడిమితే తాళ్ళు లాగి కట్టినట్లు గట్టి పట్టీలు తగులుతాయి. నాలుక బయటికి సాగదు, కొండనాలుక ముడుచుకుపోతుంది. బుగ్గలు ఉబ్బించి ఊదలేడు. చివరికి నమిలే కండరాలకు కూడా నార పాకి, మూడు వేళ్ళ వాకిలి రెండు వేళ్ళకు, రెండు ఒకటికి దిగుతుంది. నొప్పి లేదు గనుక ఇంట్లో ఎవరికీ తెలియదు. "వీడెందుకో హలీమే తింటున్నాడు, రొట్టె ముట్టడం లేదు" అని అమ్మ అనుకుంటుంది, అంతే.

ఈ జబ్బును 1952లో స్క్వార్ట్జ్ అనే వైద్యుడు కెన్యా దేశంలో ఉంటున్న భారతీయ స్త్రీలలో గుర్తించి రాశాడు. మరుసటి సంవత్సరం, 1953లో, బొంబాయి వైద్యుడు జోషీ మన దేశపు రోగులలో వర్ణించాడు. కారణం వక్క అని తరువాత తేటతెల్లమయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం 2004లో వెలువరించిన గ్రంథంలో, పొగాకు కలపకపోయినా వక్క మనిషికి కేన్సర్ తెచ్చే పదార్థమే అని స్పష్టంగా ప్రకటించింది. "మాది జర్దా లేని సాదా పొట్లం, ఇందులో తప్పేముంది" అనేవారికి ఇదే మా జవాబు. నార పట్టిన నోటిలో కొందరికి కేన్సర్ పుండు కూడా పుడుతుంది.

2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు తినే పదార్థాలలో పొగాకు, నికొటిన్ కలపరాదన్నాయి. 2012 నుంచి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా గుట్కాను నిషేధించాయి. వ్యాపారులు ఏం చేశారు? పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం వేరుగా అమ్మడం మొదలుపెట్టారు. కొన్నవాడు రెండూ అరచేతిలో కలుపుకుంటున్నాడు. చట్టం అంగడి దాకా వస్తుంది, అరచేతి దాకా రాదు. అక్కడికి రావలసింది తల్లి మాట, తండ్రి మాట, జమాఅతు మాట.

ముదిరిన నార వెనక్కి పోదు. వక్క మానేస్తే జబ్బు పెరగడం చాలావరకు ఆగుతుంది. రోజూ నోరు తెరిచే వ్యాయామం, మందులు, సూదిమందులు కొంత మేలు చేస్తాయి. బాగా ముదిరితే శస్త్రచికిత్స. చెంపలోని పట్టీలు కోస్తారు. అది చాలకపోతే, ఇందాక గుర్తుంచుకోమన్నామే, ముందు కొమ్ము – టెంపొరాలిస్ పట్టుకునేది – దానిని తీసివేస్తారు. ఆ తరువాత కూడా నెలల తరబడి వ్యాయామం చేయకపోతే మళ్ళీ బిగుసుకుంటుంది. రూపాయి పొట్లంతో మొదలైనది ఎక్కడ తేలిందో చూడండి.

ఇంకొక ప్రమాదం. ఈ కుర్రవాడికే రేపు రోడ్డు మీద దెబ్బ తగిలి ఆపరేషన్ అవసరమైతే, మత్తు ఇచ్చే డాక్టరు నోటి ద్వారా గొంతులోకి గొట్టం వేయాలి. వాకిలి ఒక వేలంత ఉంటే గొట్టం ఎలా వేస్తాడు?

మన దీన్‌కు, ఈ దవడకు

మదరసాలో పిల్లలకు మఖారిజ్ నేర్పే ఉస్తాదులు ఇక్కడ ఉన్నారు. అరబీలో 'జాద్' అనే అక్షరం పలకాలంటే నాలుక పక్క అంచు పై వెనుక పళ్ళను తాకాలని వారే నేర్పుతారు. నాలుక సాగనివాడు, దవడ తెరవలేనివాడు దానిని ఎలా పలుకుతాడు? వుజూలో పుక్కిలించడానికి బుగ్గలు కదలాలి. మిస్వాక్ వెనుక పళ్ళకు చేరాలంటే నోరు తెరుచుకోవాలి. వెయ్యేళ్ళ కిందట కొర్దోబా దగ్గర జీవించిన అల్ జహ్రావీ తన వైద్య గ్రంథంలో పళ్ళ గార తీసే పనిముట్ల బొమ్మలు వేసి చూపాడు. నోటి శుభ్రతను ఇంత గౌరవించిన సమాజం మనది. ఆ నోటినే ఎర్రగా, గారగా, మూతగా చేసుకోవడం మనకు తగునా?

"అలవాటైపోయింది, వదలలేము" అంటారు. రమజాను నెలలో సహరీ నుంచి ఇఫ్తారు దాకా పదమూడు పద్నాలుగు గంటలు వదిలి ఉంటున్నది ఎవరు? మీరే కదా. రోజంతా వదలగలిగినవాడు ఖర్జూరంతో రోజా విప్పిన తరువాత కూడా వదలగలడు. ఆ నెలకంటే మంచి ముహూర్తం ఇంకేమి కావాలి?

మా మనవి

సంఘ సభ్యులకూ వారి కుటుంబాలకూ మా విన్నపాలు ఇవి.

ఒకటి: నెలకొక శుక్రవారం జుమా నుంచి వచ్చాక ఇంటిల్లిపాదీ మూడు వేళ్ళ పరీక్ష చేసుకోండి. పిల్లలకు ఆటగా ఉంటుంది, పెద్దలకు ఎరుకగా ఉంటుంది.

రెండు: నికాహ్, వలీమా దావత్‌లలో వక్కపొడి పొట్లాలు పంచే పద్ధతి మానండి. సోంపు, యాలకులు, ఖర్జూరం పెట్టండి. అతిథి మర్యాదకు లోటు రాదు. పెళ్ళి పళ్ళెంలో పెద్దలే పెట్టిన తరువాత కిల్లీకొట్టులో కొనవద్దని పిల్లవాడికి ఏ ముఖంతో చెబుతాము?

మూడు: దుకాణాలు నడిపే సోదరులు పిల్లలకు ఈ పొట్లాలు అమ్మవద్దు. నష్టం వస్తుందని మాకు తెలుసు. బరకత్ ఇచ్చేవాడు అల్లాహ్.

నాలుగు: నోటిలో తెల్లమచ్చ గాని, ఎర్రమచ్చ గాని, పుండు గాని రెండు వారాలు దాటినా మానకపోతే, నొప్పి ఉన్నా లేకపోయినా డాక్టరుకు చూపించండి.

అయిదు: వేళ్ళు తగ్గుతున్న కుర్రవాడిని తిట్టవద్దు, కొట్టవద్దు. తిడితే నోరు చూపించడు. పక్కన కూర్చోబెట్టుకొని, "రా బేటా, వెళ్ళి చూపించుకుందాం" అనండి. ఎంత ముందు వెళితే అంత వాకిలి మిగులుతుంది.

అబ్దుల్ లతీఫ్ రెండువేల దవడలను చూసి ఒక నిజం తెలుసుకున్నాడు. మనం చూడవలసినవి మన ఇంట్లో ఉన్న నాలుగైదు నోళ్ళే.  అల్లాహ్ తఆలా మన నోళ్ళకు మంచి మాటనూ, హలాలైన ముద్దనూ చివరి దాకా ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుం.